హెలికాప్టర్ కంపనాల లెక్క తప్పితే తప్పు రోటర్ మోడల్‌దా, బాడీ మోడల్‌దా?

కంపనం17: యూహెచ్-60ఏ (బ్లాక్ హాక్ హెలికాప్టర్) కంప్యూటర్ మోడల్. నాలుగు బ్లేడ్లు, 258 ఆర్‌పీఎం, అంటే 4/రెవ్ (రోటర్ ఒక చుట్టుకు నాలుగుసార్లు వచ్చే ఊపు) 17.2 హెర్ట్జ్. హబ్‌ను (బ్లేడ్లు తగిలించే మధ్యభాగం) కదలకుండా బిగించి లెక్కించిన లోడ్స్‌ని (బలాలను) నాస్ట్రాన్ అనే స్ట్రక్చర్ సాఫ్ట్‌వేర్‌లోని బాడీ మోడల్‌కి ఇచ్చాం. పైలట్ సీటు దగ్గర కంపనం కొలతకన్నా బాగా తక్కువ వస్తోంది. ఎక్కడ వెతకాలి?

రోటర్‌పక్షం: రోటర్‌లోనే. 1993-94లో నాసా, అమెరికా ఆర్మీ ఎగరేసిన ఎయిర్‌లోడ్స్ టెస్టుల్లో 8534 నంబరు టెస్ట్ పాయింట్ చూడండి, అడ్వాన్స్ రేషియో (ముందుకెళ్లే వేగాన్ని బ్లేడ్ కొస తిరిగే వేగంతో భాగిస్తే వచ్చేది) 0.368, అంటే ఎక్కువ వేగం. ముందుకెళ్లే బ్లేడ్ కొసన లిఫ్ట్ నెగెటివ్ అవుతుంది. బ్లేడ్‌ను ఒక గీతగా తీసుకునే లిఫ్టింగ్ లైన్ కోడ్లు దాన్ని తప్పు అజిమత్‌లో (చుట్టులో బ్లేడ్ ఉన్న కోణంలో) చూపేవి. పిచింగ్ మొమెంట్ (బ్లేడ్‌ను మెలితిప్పే బలం) లెక్క తప్పితే బ్లేడ్ మెలి తప్పుతుంది, దాంతో లిఫ్టూ తప్పుతుంది. సీఎఫ్‌డీని (గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతి) కలిపి, రివల్యూషన్‌కోసారి లోడ్స్ మార్చుకుంటూ ట్రిమ్ (బలాలన్నీ సమతూకంలోకి) చేశాకే అది కుదిరింది.

స్టెప్_ఎంత: లెక్కలో అజిమత్ స్టెప్ ఎన్ని డిగ్రీలు?

కంపనం17: 15 డిగ్రీలు.

స్టెప్_ఎంత: 5/రెవ్‌కి ఒక సైకిల్లో ఐదు పాయింట్లు కూడా పడవు. ముందు 5 డిగ్రీలకు దించండి.

ఫ్రేమ్‌వాది: స్టెప్ తర్వాత. లోడ్స్ ఫైల్ పడేసి "మీ బాడీ తప్పు" అనడం, మళ్లీ ఆ రోటర్‌కే నెలలు పోయడం మాకు కొత్త కాదు. 1980ల్లో నాసా లాంగ్లీ నడిపిన డామ్‌విబ్స్ అనే బాడీ కంపనాల మోడలింగ్ కార్యక్రమంలో తేలిందేంటి? ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ప్రధాన స్ట్రక్చర్ ఒక్కటే చాలదు. తలుపులు, కానొపీ (కాక్‌పిట్ కప్పు) అద్దాలు, ఫెయిరింగులు (పై తొడుగులు) కూడా బిగుతునిస్తాయి. 2 శాతం డ్యాంపింగ్‌తో (ఊపును అణిచే గుణం) సరిగ్గా 17.2 మీదున్న మోడ్ (బాడీ సహజంగా ఊగే తీరు) 25 రెట్లు ఊగుతుంది. అదే 18.2కి జరిగితే 9 రెట్లే.

రోటర్‌పక్షం: లోడ్సే తప్పైతే 9తో గుణించినా 25తో గుణించినా తప్పే కదండీ!

ఫ్రేమ్‌వాది: హబ్ కదలకపోతే లోడ్స్ ఒప్పు ఎలా అవుతాయి? బ్లేడ్ల 3/రెవ్, 5/రెవ్ అడ్డబలాలు కూడా బాడీకి 4/రెవ్‌గానే దిగుతాయి. హబ్ ఊగితే అవీ మారతాయి.

వేక్‌గాలి: ఇంతకీ తేడా ఏ వేగం దగ్గర?

కంపనం17: అడ్వాన్స్ రేషియో 0.15.

వేక్‌గాలి: అయితే 8534 సంగతి ఇక్కడ పనికిరాదు. అంత తక్కువ వేగంలో టిప్ వర్టెక్సులు (బ్లేడ్ కొసల నుంచి వచ్చే గాలి సుడులు) డిస్క్‌ని (బ్లేడ్లు తిరిగే వృత్తాన్ని) ఆనుకునే ఉంటాయి. ఫ్రీ వేక్ (సుడులు స్వేచ్ఛగా కదిలేలా లెక్కించే పద్ధతి) లేకపోతే 4/రెవ్‌లో చాలా భాగం మాయం.

ఫ్రేమ్‌వాది: ఫ్రీ వేక్ పెట్టండి, కాదనను. కానీ షేక్ టెస్ట్ (అసలు హెలికాప్టర్‌ను ఊపి కొలిచే పరీక్ష) చేసి మోడ్లు, డ్యాంపింగ్ సరిదిద్దకుండా సీటు దగ్గర అంకె నమ్మొద్దు.

రోటర్‌పక్షం: నా అభ్యంతరం అక్కడే. టెస్ట్‌కి సరిదిద్దిన మోడల్ ఆ టెస్ట్‌నే చూపిస్తుంది. డిజైన్ దశలో షేక్ టెస్ట్ చేయడానికి హెలికాప్టరే ఉండదు. ఇంధనం నిండా ఉన్నప్పుడు సరిదిద్దిన మోడల్ ఖాళీ ట్యాంకులకూ కుదిరితే ఒప్పుకుంటా.

కంపనం17: 5 డిగ్రీలు, ఫ్రీ వేక్, కదిలే హబ్ పెట్టి రెండు బరువులకూ రన్ వేస్తున్నాను. డ్యాంపింగ్ ముట్టుకోను.

ఫ్రేమ్‌వాది: తలుపులు మోడల్లో చేర్చి వేయండి.