గ్రేడ్ 3 అంటే మూడో స్టేజేనా?

అమ్మకు రొమ్ములో గడ్డ, క్యాన్సర్ అన్నారు. నెల్లూరు నుంచి చెన్నై తీసుకొచ్చి అడయార్‌లో గది తీసుకున్నాం. బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టులో 'గ్రేడ్ 3, ఈఆర్ పాజిటివ్' అని ఉంది. డాక్టరు గారు సగం తమిళంలో గబగబా చెప్పి, 'ముందు నియో అడ్జువెంట్ కీమో' అన్నారు. నాన్న చూడకుండా రిపోర్టు బ్యాగు అడుగున దాచాను. ఎవరైనా చెప్పండి.

జవాబు 1: కాదండీ, రెండూ వేరు. మైక్రోస్కోప్‌లో కణాలు మామూలు కణాలకు ఎంత తేడాగా ఉన్నాయో చెప్పేది గ్రేడ్. 3 అంటే త్వరగా పెరిగే రకం. గడ్డ సైజు, చంకలో గ్రంథులకు పాకిందా, ఇంకెక్కడికైనా వెళ్లిందా అన్నవి చూసి చెప్పేది స్టేజ్. దానికి స్కాన్‌లు కావాలి, బయాప్సీ ఒక్కటే చాలదు. నేనూ మా అత్తయ్య రిపోర్టు చూసి ఒక రాత్రంతా ఏడ్చాను, ఇదే పొరపాటుతో.

జవాబు 2: పాజిటివ్ అనగానే భయపడకండి. ఈఆర్ అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్, కణాల్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే భాగం. అది ఉంటే హార్మోన్ మాత్రలు పనిచేసే అవకాశం ఉంటుంది. మా పిన్ని అలాంటి మాత్రే, టామాక్సిఫెన్, వాడుతోంది. నియో అడ్జువెంట్ అంటే ఆపరేషన్‌కు ముందు ఇచ్చేది, గడ్డను కుదించడానికి. ఈసారి వెళ్లినప్పుడు ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి.

అడిగినవారు: థాంక్సండీ. స్కాన్ గురువారం. రిపోర్టు బయటికి తీశాను, నాన్న కళ్లద్దాలు వెతుక్కుంటున్నారు.