గుంటల దారికి డీజిల్ నెక్సానా, పెట్రోల్ బ్రెజానా?

కావలి వాసి:
మా ఇల్లు కావలిలో ఉంది, రొయ్యల గుంటలు తుమ్మలపెంట వైపు ఉన్నాయి. రోజూ రెండు పూటలా గుంటల మీదికి వెళ్లి రావాలి. దారి సగం తారు, సగం గట్టు మట్టి. అప్పుడప్పుడు ఇంటిల్లిపాదీ తిరుపతికి వెళ్తుంటాం. నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీల్లో టాటా నెక్సాన్ డీజిల్, మారుతి బ్రెజా పెట్రోల్ మా పరిశీలనలో మిగిలాయి. తమ్ముడు డీజిలే కావాలంటున్నాడు, నాన్నగారు వద్దంటున్నారు. దయచేసి కారణాలతో చెప్పగలరు.

ఒంగోలు వాసి:
సందేహం లేకుండా డీజిల్ తీసుకోండి. నెక్సాన్ డీజిల్ ఇంజిన్ 1,497 సీసీ, డీజిల్‌కున్న పరిమితి లోపలే కనుక 2025 సెప్టెంబరు 22 నుంచి దానిపై జీఎస్టీ 18 శాతమే. బ్రెజా కూడా నాలుగు మీటర్ల లోపుదే అయినా, దాని పెట్రోల్ ఇంజిన్ 1,462 సీసీ. పెట్రోల్‌కు 1,200 సీసీ పరిమితి దాటినందున 40 శాతం పడుతుంది. నేను రోజూ చీమకుర్తి మీదుగా పొదిలి దాకా వెళ్లి వస్తాను. గ్రానైట్ లారీని దాటవలసి వచ్చినప్పుడు డీజిల్ లాగుడు విలువ తెలుస్తుంది. పైగా కార్లను ఢీకొట్టించి భద్రతను కొలిచే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో నెక్సాన్‌కు ఐదు నక్షత్రాలు వచ్చాయి.

నెల్లూరు వాసి:
ఒంగోలు సోదరులు చెప్పిన అంకెలు సరైనవే. అయితే అవి వారి ప్రయాణానికి కుదిరినంతగా కావలి వారి ప్రయాణానికి కుదరవు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా, మంచి వేగంతో నడిచి పొగ బాగా వేడెక్కాలి. ఇంటి నుంచి గుంటలకు, గుంటల నుంచి ఇంటికి పదేసి కిలోమీటర్లు, అందులోనూ గట్టు మీద రెండో గేరులో నడిచే బండికి ఆ అవకాశం రాదు. మసి పేరుకుని హెచ్చరిక దీపం వెలుగుతుంది, దాన్ని పట్టించుకోకపోతే ఇంజిన్ శక్తి తగ్గిపోయి వర్క్‌షాపుకు వెళ్లక తప్పదు. ఈ ఒక్క కారణం చాలు, మీకు డీజిల్ వద్దని చెప్పడానికి.

పన్ను శాతాన్ని చూసి బండిని ఎంచుకోవడం కూడా నాకు సమంజసంగా తోచదు, ఎందుకంటే మనం కట్టేది ఆన్‌రోడ్ ధర, పన్ను అందులోనే కలిసి ఉంటుంది. డీజిల్ ఇంజిన్ పెట్రోల్ కన్నా ఖరీదు. ఆ తేడా ఇంధనంలో తిరిగి రావాలంటే తిరుగుడు ఎక్కువ ఉండాలి. నక్షత్రాలు మాత్రం తప్పక చూడండి, కానీ ఎదుటి నుంచి ఢీకొట్టే ఆ పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, దాదాపు సమాన బరువున్న కారు ఎదురైనట్టు చేస్తారు. లారీ ఎదురైతే లెక్క వేరు.

నా మాటగా చెప్పాలంటే నెక్సాన్ పెట్రోల్‌ను కూడా వరుసలో చేర్చండి. అది 1,199 సీసీ కనుక దానికీ 18 శాతమే పడుతుంది. అయితే అది మూడు సిలిండర్ల టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టి శక్తి పెంచే రకం. గట్టు మీద నెమ్మదిగా పాకేటప్పుడు టర్బో అందుకునే దాకా కొద్దిగా వెనకాడుతుంది. బ్రెజా నాలుగు సిలిండర్ల ఇంజిన్ అలాంటి చోట నునుపుగా సాగుతుంది. డిక్కీ నెక్సాన్‌ది 382 లీటర్లు, బ్రెజాది 328. మేత బస్తాలు వేసే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. గ్రౌండ్ క్లియరెన్స్ (నేల నుంచి బండి అడుగు దాకా ఎత్తు) 208, 198 మిల్లీమీటర్లు అని రాస్తారు గాని, ఖాళీ బండికీ, నలుగురు కూర్చుని వెనక బస్తాలు వేసిన బండికీ ఆ ఎత్తు ఒకటిగా ఉండదు. ఏది కొన్నా ఉప్పు బురద చక్రాల గూళ్లలోనూ, కింది అంచుల్లోనూ ఎండిపోకుండా మంచినీళ్లతో అడుగుభాగం కడిగించండి, లేకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఒంగోలు వాసి:
ఫిల్టర్ విషయం ఒప్పుకుంటాను. కానీ వారానికోసారి హైవే ఎక్కి సింగరాయకొండ దాకా వెళ్లివస్తే మసి కాలిపోతుంది కదా? దానికోసం మంచి ఇంజిన్‌ను వదులుకోవాలా?

నెల్లూరు వాసి:
గుంటల్లో పంట ఉన్నప్పుడు, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయని ఫోను వచ్చే రోజుల్లో, బండి కోసం హైవే ఎక్కే తీరిక రొయ్యల రైతుకు ఎక్కడిది అన్నదే నా ప్రశ్న. మీ తిరుగుడుకు డీజిలే సరైనది, దానిని నేను కాదనను.

కావలి వాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. డీజిల్ ఆలోచన మానుకుంటున్నాం. ఈ ఆదివారం బ్రెజా, నెక్సాన్ పెట్రోల్ రెండింటినీ, షోరూమ్ వారు అంగీకరిస్తే, మా గట్టు మీదే నలుగురం ఎక్కి ఏసీ వేసి నడిపి చూస్తాం.