పోటీ రోబో: షాఫ్ట్ వంగుతోంది, చైన్ జారుతోంది, ఏం మార్చాలి?

మా కాలేజీ టీమ్ రోబో బరువు 50 కిలోల దాకా ఉంది. ఆరు చక్రాల ట్యాంక్ డ్రైవ్ (చక్రాలు పక్కకి మళ్లవు, ఎడమ కుడి వైపుల వేగం తేడాతోనే తిరుగుతుంది), ఫ్రేమ్ అల్యూమినియం బాక్స్ ట్యూబ్. ఎదుటి రోబో పక్క నుంచి గుద్దితే చివరి చక్రం షాఫ్ట్ వంగిపోతోంది. ఉన్నచోటే తిప్పబోతే చక్రాలు కీచుమంటూ ఎగిరెగిరి పడతాయే తప్ప రోబో సాఫీగా తిరగదు, సరిగ్గా అప్పుడే చైన్ కూడా పళ్ల మీంచి జారుతోంది. షాఫ్ట్ లావు పెంచాలా, ఫ్రేమే మార్చాలా? బరువు పెద్దగా పెంచే వీల్లేదు.

జవాబు 1:
లావు సంగతి తర్వాత, ముందు షాఫ్ట్‌కి ఆసరా ఎక్కడుందో చూడండి. బేరింగులన్నీ ఒకే పక్కన ఉండి చక్రం బయటికి వేలాడుతుంటే ప్రతి గుద్దూ షాఫ్ట్‌నే వంచుతుంది. చక్రానికి రెండు పక్కలా ట్యూబ్ వేసి రెండింట్లో బేరింగ్ పెడితే అదే షాఫ్ట్ తట్టుకుంటుంది, పైగా దెబ్బ ముందు బయటి ట్యూబ్‌కి తగులుతుంది. ఇక తిరగడం: మధ్య చక్రాల్ని ఓ 3 మి.మీ. కిందికి దించండి. అప్పుడు ఒకసారికి నాలుగే నేలకి ఆనతాయి, ముందు వెనక చక్రాల దూరం సగమైనట్టే కాబట్టి పక్కకి ఈడ్చుకునే రాపిడి బాగా తగ్గుతుంది. మరీ దించొద్దు, ఎత్తులో బరువుంటే రోబో ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

జవాబు 2:
స్ప్రాకెట్‌కి (చైన్ ఎక్కే పళ్ల చక్రానికి) ఎన్ని పళ్లు? 12 ఉంటే, గేర్ నిష్పత్తి మారకుండా చైన్ రెండు చివర్లా 24 వేయండి, అదే టార్క్‌కి (తిప్పే బలానికి) చైన్ మీద లాగుడు సగమవుతుంది. కొత్త చైన్ కొంత నడిచాక వదులవుతుంది, బేరింగ్ బ్లాక్ జరిపి బిగించుకునేలా ట్యూబ్‌లో రంధ్రాలు పొడుగ్గా కోయండి. స్ప్రాకెట్‌ని ఒట్టి గ్రబ్ స్క్రూతో (షాఫ్ట్‌ని పక్క నుంచి నొక్కి పట్టే తల లేని చిన్న స్క్రూతో) మాత్రం వదిలేయొద్దు, ముందుకీ వెనక్కీ కొట్టే కుదుపులకి అది వదులైపోతుంది. హెక్స్ షాఫ్ట్ (ఆరు పలకల కడ్డీ) వాడండి.

ప్రశ్న అడిగినవారు:
12 పళ్లే! మారుస్తాం. ఫ్రేమ్ మూలలు వెల్డింగ్ చేయిస్తే మంచిదా?

జవాబు 3:
మీ ట్యూబ్ 6061-టీ6 (వేడి చికిత్సతో గట్టిపరిచిన అల్యూమినియం రకం) అయితే వెల్డింగ్ వేడి తగిలిన చోట బలం చాలా పడిపోతుంది. నేనైతే గసెట్ ప్లేట్లు (మూల అతుకు మీద వేసే పట్టీ రేకులు) పెట్టి రివెట్లు కొడతాను, పోటీ మధ్యలో ట్యూబ్ దెబ్బతిన్నా రివెట్లు డ్రిల్ చేసి తీసి మార్చుకోవచ్చు. అడుగంతా పల్చటి షీట్ బిగించండి, దెబ్బలకి ఫ్రేమ్ మూలలు ఒరిగిపోకుండా ఆపేది అదే, బ్యాటరీ కూడా దానిమీదే కూర్చుంటుంది. చివరి రివెట్లు కొట్టేముందు రెండు కర్ణాలూ టేపుతో కొలవండి. తేడా వస్తే ఫ్రేమ్ మూలమట్టంలో లేనట్టే, చక్రాలూ స్ప్రాకెట్లూ వంకర వరసలో కూర్చుంటాయి.