కథ చదివేవాళ్ళు నటించాలా, చదివితే చాలా?

మియాపూర్ ప్యాసింజర్
రోజూ మియాపూర్ నుంచి మలక్‌పేట దాకా మెట్రోలో పోతాను, పొద్దున ముప్పావు గంట, సాయంత్రం ముప్పావు గంట. మొదట్లో పాటలు, తర్వాత పాడ్‌కాస్టులు, రెండేళ్ళుగా నవలలే. నిలబడి పుస్తకం తెరిచే చోటు ఎలాగూ ఉండదు, అమీర్‌పేటలో ఎక్కే జనాన్ని చూస్తే జేబులోంచి ఫోను తీయడం కూడా కష్టమే. ఆడియో పుస్తకాలంటే ఇష్టం లేక అంటున్నానని ఎవరూ అనుకోకూడదని ఇదంతా ముందే చెబుతున్నా.

పోయిన వారం పదకొండు గంటల నవల మొదలుపెట్టి మూడో గంటలో ఆపేశాను. యాప్ పేరు, చదివినావిడ పేరు చెప్పను, నా గొడవ వాళ్ళతో కాదు. కథ బాగానే ఉంది. కానీ ఆవిడ ప్రతి పాత్రకీ ఒక గొంతు పెట్టింది. ముసలమ్మకి వణుకు, పెద్దాయనకి గొంతులో కఫం, పదేళ్ళ పిల్లాడికి ముక్కుతో మాటలు. నాచేత ఆపించిన చోటు ఏమిటంటే, “నువ్వు వెళ్ళిపోఓఓ” అని ఏడుస్తూ కేక పెట్టింది, పెట్టి వెంటనే మామూలు గొంతులోకి దిగి “అంది ఆమె నెమ్మదిగా” అని చదివేసింది. నాకు నవ్వాగలేదు, పక్కాయన అనుమానంగా చూశాడు. మన భాషలో అన్నాడు, అరిచాడు, గొణిగింది అన్నీ మాట అయిపోయాక కదా వచ్చేది. వాక్యం చివరిదాకా చూసుకోకుండా నటిస్తే ఇంతే మరి.

నేననేది నవల చదివేవాళ్ళు నటించొద్దని. అర్థం చేసుకుని, ఆగాల్సిన చోట ఆగి చదివితే చాలు. కోపం రచయిత ఎలాగూ రాసే ఉంటాడు, దాని మీద మీరింకో కోపం పోయడం పులిహోరలో ఆవకాయ కలిపినట్టు ఉంటుంది. మీరేమంటారు?

కొత్తపేట కుర్రోడు
1.5 స్పీడులో పెట్టు అన్నా, ఏడుపు సగానికి సగం తగ్గుతుంది.

పాత రేడియో
ప్యాసింజర్ గారూ, నటన లేకుండా కథ చెప్పడం మన ఇంటా వంటా లేదండి. హరికథ అంటే ఏమిటి? ఒక్క మనిషి కాలికి గజ్జె కట్టి రాముడూ ఆయనే, రావణుడూ ఆయనే, మధ్యలో పిట్టకథ చెప్పే దాసుగారూ ఆయనే. ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) “నేను అర్థం చేసుకుని చదువుతాను, మీరు ఊహించుకోండి” అని ఊరుకుంటే జనం కూర్చునేవారా? ఇక్కడ ఒగ్గుకథ తీసుకోండి, చుక్క సత్తయ్య గారి మల్లన్న కథ విన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆడ గొంతు మగవాళ్ళు పెడితే వెగటు అంటారేమో, స్థానం నరసింహారావు గారు సత్యభామ వేసి రాష్ట్రాన్నంతా ఊపారు, 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆకాశవాణి నాటకం వస్తుంటే ఇంట్లో అన్నాలు ఆలస్యమయ్యేవి. ఏ రసమూ లేకుండా చదివేది వార్తలు. మీకు కావలసినవి వార్తలైతే అది వేరే మాట.

మియాపూర్ ప్యాసింజర్
పాత రేడియో గారూ, మీరు చెప్పినవి అన్నీ గొప్పవే, కాదనను. కానీ హరికథ రాత్రిపూట వందలమంది ముందు, చివరి వరసలో నిద్రపోయేవాణ్ణి కూడా లేపడానికి చెప్పేది. స్థానం వారి సత్యభామకి చీర ఉంది, జడ ఉంది, నడక ఉంది, చూసే కళ్ళున్నాయి. రేడియో నాటకం గొంతుల కోసమే రాసింది, అందులో “అన్నాడు” అనే మాటే ఉండదు. నవల అలాక్కాదు, కాగితం మీద చదువుకోవడానికి రాసింది, పైగా ఇప్పుడు ఇయర్‌ఫోన్‌లో పెట్టుకుంటే మనిషి చెవిలో నోరు పెట్టి మాట్లాడినట్టుంటుంది. చెవిలో నోరు పెట్టి ఎవరైనా హరికథ చెబుతారా?

దోసె ప్రియుడు
కానీ గొంతులు మార్చకపోతే ఎవరు మాట్లాడుతున్నారో ఎలా తెలుస్తుంది బ్రో? నాకు నలుగురున్న సీను వస్తే వెనక్కి జరుపుకోవడమే పని.

మియాపూర్ ప్యాసింజర్
తెలుగులో అది కష్టం కాదనే నేననేది. “ఏమండీ” అంటే ఎవరు ఎవరితో అన్నారో సగం తెలిసిపోయింది. “ఏమే” అంటే మిగతా సగం. ఏరా, ఒరేయ్, అమ్మాయ్, బావగారూ, మీరు, నువ్వు... మాటలోనే వరస ఉంటుంది. ఇంగ్లీషులో “యూ” ఒక్కటే కాబట్టి వాళ్ళకి గొంతులు కావాలేమో. జిమ్ డేల్ హ్యారీ పాటర్ అయిదో పుస్తకానికి 134 గొంతులు పెట్టి గిన్నిస్‌లోకి ఎక్కాడు. మెచ్చుకోవాల్సిందే. కానీ అది విన్నప్పుడు నాకు హ్యారీ కంటే డేల్ ఎక్కువ కనిపించాడు.

దోసె ప్రియుడు
హాస్టల్ నవల వినండోసారి. నలుగురూ “రా” అనే అంటారు, నలుగురికీ బీరే కావాలి. అప్పుడు చెప్పండి మీ వరసలు.

మియాపూర్ ప్యాసింజర్
సరే, అక్కడ దొరికిపోయాను.

ఓరుగల్లు పిల్ల
మీ ఇద్దరూ నటనా, చదవడమా అని కొట్టుకుంటున్నరు గానీ నా బాధ వేరే. తెలంగాణ కథలు ఎవరితో చదివిస్తున్నరు? నరేషన్ అంతా శుభ్రమైన పుస్తకం తెలుగులో సాగుతది, మా అవ్వ లాంటి పాత్ర నోరు తెరవగానే “ఏంది బిడ్డా, గట్లంటవ్” అని సినిమాల కమెడియన్ యాస దిగుతది. ఆ కథలో ఆమె కొడుకు దుబాయ్ పోయి తిరిగి రాలేదు, ఆమె ఏడుస్తున్నది. వినేటోళ్ళకి మాత్రం జోక్ లెక్క ఉంటది. “గట్ల” అనే మాటను సాగదీయకుండా, దాని మీద బరువు పెట్టకుండా, మేం అన్నట్టు ఉత్తగ అనేస్తే చాలు. అది నటన కాదు, అది ఆ మనిషి నోరు. నటించేటోళ్ళు కావాల్నా వద్దా తర్వాత, ముందు ఆ మాట ఇంట్లో విన్నోళ్ళు కావాలె. గోదావరి కథ నేను చదివినా గంతే ఖరాబు చేస్తా, అది కూడా ఒప్పుకుంటున్న.

మియాపూర్ ప్యాసింజర్
అక్కా, ఇది నేను ఆలోచించనే లేదు. మొత్తం చర్చలో దీనికే నా ఓటు.

గొంతు కార్మికురాలు
చాలా రోజులుగా చదివి వెళ్ళిపోతున్నా, ఈసారి ఆగలేకపోయాను. నేను ఆ పని చేసేదాన్నే. (ఆ పదకొండు గంటలది నాది కాదు, ఒట్టు.)

చిక్కడపల్లిలో రెండు గదుల ఇల్లు. బట్టల బీరువా పక్కన మూడు దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో మైకు, ఫ్యాను ఆపేసి, మే నెలలో. కింది వాటాలో బోరు మోటారు వేస్తే ఆపాలి. కుక్కర్ మూడు విజిల్స్ అయ్యేదాకా ఆపాలి. “పాత ఇనప సామాన్లు కొంటాం” అని రికార్డు పెట్టుకుని తిరిగే ఆటో సందు చివరికి పోయేదాకా ఆపాలి. ఆగినచోట నుంచి మళ్ళీ అదే గొంతు, అదే తడి, అదే దూరంలో మొదలుపెట్టాలి. మీరు వినే ఒక్క గంటకి నాకు నాలుగైదు గంటలు పడుతుంది, డబ్బులు మాత్రం మీరు వినే గంట లెక్కనే ఇస్తారు.

ఇప్పుడు నటన సంగతి. మొదటి నవలలో ఉత్సాహం కొద్దీ తాతగారికి బొంగురు గొంతు పెట్టాను, మూడో అధ్యాయంలో ఆయనవి రెండే మాటలు. ముప్పై ఒకటో అధ్యాయంలో ఆ మహానుభావుడు మంచం మీద కూర్చుని నాలుగు పేజీలు ఆస్తి పంపకాల గురించి మాట్లాడాడండి. రెండు రోజులు నాకు మంచినీళ్ళు దిగలేదు. ఇంకో నవలలో హీరోయిన్ స్నేహితురాలికి తియ్యటి గొంతు ఇచ్చాను, పంతొమ్మిదో అధ్యాయంలో రచయిత తాపీగా “ఆమెది చిన్నప్పటి నుంచీ గరుకు గొంతు” అని రాశాడు. మళ్ళీ పద్దెనిమిది అధ్యాయాల్లో ఆమె మాటలన్నీ వెతికి రికార్డు చేశాను. అప్పటి నుంచి పుస్తకం మొత్తం చదివి, పెన్సిలుతో గుర్తులు పెట్టుకోకుండా మైకు ముట్టలేదు. మీ “అంది ఆమె నెమ్మదిగా” తప్పు ఆవిడ నటించడంలో లేదండి, ముందు చదవకపోవడంలో ఉంది. లేదా చదివే టైము ఆవిడకి ఎవరూ ఇవ్వకపోవడంలో.

ఇంకోటి, నటించకపోతే రివ్యూలో “ఫ్లాట్‌గా ఉంది, నిద్రొచ్చింది” అని ఒక స్టారు. నటిస్తే “ఓవర్ యాక్షన్” అని ఒక స్టారు. ఆ స్టార్లు ఇచ్చేది మీరే కదా.

తెల్లకర్ర
నాకు పుట్టుకతోనే చూపు లేదు. మా బ్యాచ్ వాలంటీర్లు చదివిన క్యాసెట్లతో డిగ్రీ పాసయింది, వాళ్ళకి ఎప్పటికీ రుణపడి ఉంటాం. ఇప్పుడు కంప్యూటర్ మీద ఎన్‌వీడీఏ (తెర మీది అక్షరాలని పైకి చదివే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ఏదైనా చదివించుకుంటాను, అదీ మీరెవరూ పట్టుకోలేనంత స్పీడులో.

మీరు ఇవాళ మాట్లాడుతున్నది మాకు పాత గొడవే. 1930లలో అమెరికాలో, ఇంగ్లండులో చూపులేనివాళ్ళ కోసం గ్రామఫోను రికార్డుల మీద పుస్తకాలు మొదలైనప్పటి నుంచీ ఉంది. నటించి చదివితే చదివేవాడి అభిప్రాయం నా నెత్తిన రుద్దినట్టు. మీకు ఆ గొంతు నచ్చకపోతే పుస్తకం కొనుక్కుని కళ్ళతో చదువుకుంటారు. నాకు ఆ గొంతే పుస్తకం. ఆవిడ ఒక పాత్రని దుర్మార్గుడి గొంతుతో చదివేస్తే వాడు దుర్మార్గుడో కాదో నేను తేల్చుకునే అవకాశం పోయినట్టే. అందుకే నా ఓటు ప్యాసింజర్ గారికి, కానీ ఆయన కారణానికి కాదు.

చూపులేనివాళ్ళకి పుస్తకాలు అందడానికి కాపీరైటు అడ్డు రాకుండా దేశాలు చేసుకున్న మరాకేశ్ ఒప్పందానికి 2014లో ఆమోదం తెలిపిన మొదటి దేశం మనదే. చూపులేనివాళ్ళకి పనికొచ్చే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకునే వీలు మన కాపీరైటు చట్టంలో అంతకు ముందే, 2012 సవరణతో వచ్చింది. చట్టం ఉంది. తెలుగులో చదివిపెట్టే గొంతులే తక్కువ.

కొత్తపేట కుర్రోడు
అయితే ఏఐ గొంతు పెట్టేస్తే అయిపోతుంది కదా? నటించదు, అలిసిపోదు, బోరు మోటారు గోల లేదు. యాపిల్ వాళ్ళు 2023లోనే ఇంగ్లీషు పుస్తకాలకి పెట్టారు.

గొంతు కార్మికురాలు
తమ్ముడూ, దాంతో ఈ వాక్యం చదివించు: “ఆమె జడ వేసుకుని చారు పెట్టింది.” తర్వాత ఇది: “చారులత జడపదార్థంలా కూర్చుంది.” రెండు చోట్లా అక్షరాలు అవే. పలకడం మాత్రం వేరు. వంటింటి చారులో నాలుక పళ్ళకి తగులుతుంది, చారులతలో అంగిలికి తగులుతుంది. జడకీ అంతే. దీనికోసం ౘ, ౙ అని అక్షరాలు కూడా ఉండేవి, బ్రౌన్ నిఘంటువులో కనిపిస్తాయి, ఇప్పుడు ఎవరూ రాయరు. ఏది అచ్చ తెలుగు మాట, ఏది సంస్కృతం నుంచి వచ్చింది అని తెలిస్తేనే నోరు తిరుగుతుంది. నేను విన్న మిషన్ గొంతులు చారుని కూడా చారులతలాగే వడ్డించాయి.

తెల్లకర్ర
మేడమ్, నాకు ఆ చారు అలవాటైపోయింది. పాఠ్యపుస్తకానికి అది చాలు. కథకి మాత్రం మనిషే కావాలి, నటించని మనిషి.

ఓరుగల్లు పిల్ల
మా ఇంట్ల అది చారే, ఏ మిషన్‌కీ చెప్పనీయం.

మియాపూర్ ప్యాసింజర్
ఇవాళ్టి అప్‌డేట్. గొంతు కార్మికురాలు గారి పోస్టు చదివాక సిగ్గేసి ఆ నవల మళ్ళీ తెరిచాను. అయిదో గంటలో ఒక అధ్యాయం మొత్తం ఉత్తరం. చనిపోయిన భర్త రాసింది, ఆమె బీరువా అడుగున దొరుకుతుంది. ఇరవై నిమిషాలు. చదివినావిడ అక్కడ ఏమీ చేయలేదు. వణుకు లేదు, ఏడుపు లేదు. “ఇంటి పన్ను రసీదు ట్రంకు పెట్టెలో ఉంది” అనే మాటని ఇంటి పన్ను రసీదు గురించి చెప్పినట్టే చెప్పింది. మలక్‌పేటలో దిగాల్సినవాణ్ణి, న్యూ మార్కెట్ దాటాక చూసుకున్నా. ఇంకేం కావాలండి నా వాదనకి?

పాత రేడియో
అయిదు గంటలు గొంతులు మార్చి మార్చి, అక్కడ మానేసింది కాబట్టే మీకు దిగే స్టేషను తప్పింది. మొదటి నుంచీ అలాగే చదివి ఉంటే ఎర్రమంజిల్‌లోనే నిద్రపోయేవారు.

గొంతు కార్మికురాలు
నాకో సాయం చేయండి ఇద్దరూ. వచ్చే వారం నాదీ అలాంటి సీనే ఉంది. ఉత్తరం రాసింది మొగుడు, గదిలో కూర్చుని చదువుకుంటున్నది పెళ్ళాం. నేను ఎవరి గొంతులో చదవాలి?