సమస్యాపూరణం: తుడిచివేయువాడె తోడునీడ

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, "తుడిచివేయువాడె తోడునీడ". నలుగురూ ఆన్‌లైన్లో కలిసి రాసుకోవడం, దిద్దుకోవడం మీదే పూరించాలి. కన్నీళ్ళు తుడిచే పూరణలు వద్దు బాబూ, అవి అడక్కుండానే వచ్చి పడతాయి.

గోదారిగట్టు:
పుటను తెరిచి నేను పొరపాటుగా రాయ
ఊరు పేరు తెలియనొకరు చూచి
మూలమడిగి తప్పు మొత్తమూ సరిచేసె
తుడిచివేయువాడె తోడునీడ

తెవికీలో, అదే తెలుగు వికీపీడియాలో, నాకు రోజూ ఇదే, మా ఊరి గురించి గుర్తున్నదేదో రాసేస్తా, కాసేపటికి ఎవరో వచ్చి 'ఆధారం చూపాలి' అని తగిలించి పోతారు.

ఛందస్సుతాత: గణాలూ యతులూ సరిపోయాయి నాయనా. 'రాయ' తర్వాత పాదం అచ్చుతో మొదలెట్టావు, సంధి కలపకుండా వదిలేసిన విసంధి. 'నూరు పేరు' అను, యతి కూడా నూ-నొ ఇంకా గట్టిగా పడుతుంది.

గోదారిగట్టు: అలా అంటే వంద పేర్లున్న మనిషనుకుంటారు తాతగారూ, ఈసారికి వదిలేయండి 🙏

కీబోర్డుకవి:
గూగులమ్మ డాక్సు అందరం తెరువగ
నలుగురొక్కసారి నడుప వేళ్ళు
పనికిరాని మాట పసిగట్టి సూచించి
తుడిచివేయువాడె తోడునీడ

ఛందస్సుతాత: గూకి అంకి యతి ఎక్కడ కుదిరిందయ్యా! 'అందరం' తీసి 'గుంపుగా' పెట్టు, అదీ ర గణమే కాబట్టి నడక చెడదు, విసంధి కూడా పోతుంది. మూడో పాదం మాత్రం భలే, 'సూచించి' అన్నావు చూడు, సజెషన్ మోడ్ అంటే అదేగా, కొట్టేసిన మాట మీద గీత పడుతుంది గానీ అవతలివాడు సరే అనేదాకా మాట పోదు.

కీబోర్డుకవి: గుంపుగా పెట్టేశా. నా అందరం తుడిచేసిన మీరే ఈ వారం తోడునీడ 😀

అక్షరాలక్క:
పసుపు రంగు పుటకు పచ్చరంగద్దంగ
వేరొకండు వచ్చి వెదకి వెదకి
యంత్రమిచ్చినట్టి యచ్చుతప్పులనెల్ల
తుడిచివేయువాడె తోడునీడ

వికీసోర్సు తెలియనివాళ్ళ కోసం: పాత పుస్తకం స్కాన్ పేజీని ఓసీఆర్ చదివి పెడుతుంది, దానికి పకి వకి తేడా తెలీదు, దీర్ఘాలు మింగేస్తుంది. ఒకరు దిద్దితే పేజీ పసుపు అవుతుంది, ఇంకొకరు మళ్ళీ స్కానుతో పోల్చి చూసి సరే అంటేనే ఆకుపచ్చ. దిద్దినవాళ్ళకి ఆ ఆకుపచ్చ ఆప్షనే ఉండదు, ఎన్నిసార్లు చూసుకున్నా మన తప్పు మన కంటికి ఆనదు కదా.

ఛందస్సుతాత: వేలు పెట్టడానికి చోటు లేదమ్మా. 'వేరొకండు' పక్కన 'అద్దంగ' అని గ్రాంథికం, వాడుక కలిశాయి, అయినా నా ఓటు దీనికే.

షీటుమాస్టారు: నాకు ఈ తోడునీడ మింగుడు పడట్లేదండి, అందుకే ప్రశ్నగా పూరించా.

రాత్రి నింపి షీటు రంజుగా పడుకుంటి
తెల్లవారి చూడ తెల్లబోతి
వరుసలన్ని మాయ! వాడెవడో గాని
తుడిచివేయువాడె తోడునీడ?

మా చెల్లి పెళ్ళి పిలుపుల లిస్టు అది, అందరం నింపుతారని లింకు ఫ్యామిలీ గ్రూపులో పడేశా.

ఛందస్సుతాత: 'అందరూ' నింపుతారని అనవయ్యా, పద్యం బానే రాసి వచనంలో తప్పేంటి. ప్రశ్నగా తిప్పడం పాత కిటుకే గానీ 'తెల్లబోతి' అదిరింది, షీటూ తెల్లబోయింది మరి.

కీబోర్డుకవి: మాస్టారూ ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరవండి, ఎవరు ఎప్పుడు ఏం తీశారో పేరుతో సహా రంగుల్లో ఉంటుంది, రాత్రి కాపీ మీద నొక్కి రిస్టోర్ అనండి.

షీటుమాస్టారు: వచ్చేసింది!! తీసింది మా పెద్ద మావయ్య. తనవైపు చుట్టాలందరినీ ఉంచి మా వైపు వాళ్ళనే లేపేశాడు.