ర్యాప్ పోరాట పాటగా పుట్టిందా, మొదట్నుంచీ బూతేనా? తెలిసినోళ్ళు కాస్త చెప్పండి

నిద్రలేని_నాని:
మా రూమ్‌లో వారం నుంచి ఇదే గొడవ. ఒకడు ర్యాప్ పిచ్చోడు, వాడేమంటాడంటే అది పుట్టిందే అణగారినోళ్ళ గొంతుగా, పోరాటం కోసం, తర్వాత ఈ తుపాకులు, బంగారు గొలుసులు, అమ్మాయిల్ని తిట్టడం ఇవన్నీ మ్యూజిక్ కంపెనీలోళ్ళు వచ్చి అంటించారు అని. ఇంకోడు అదేం లేదురా ముందునుంచీ బూతే, మా అన్న కూతురు ఎనిమిదో క్లాసు, ఆ పాటలు వింటుంటే మా వదిన ఫోన్ లాగేసుకుంది అంటాడు. నాకేమో రెండూ నమ్మబుద్ధి కావట్లేదు. మన సినిమా పాటల మధ్యలో వచ్చే నాలుగు లైన్ల ర్యాప్ తప్ప నేను విన్నది తక్కువ. అసలు అమెరికాలో ఎలా మొదలైంది, ఈ గ్యాంగ్‌స్టర్ ఇమేజ్ ఎప్పుడొచ్చింది? లింకులు పడేసి వెళ్ళిపోకండి ప్లీజ్, మీ మాటల్లో చెప్పండి.

క్యాసెట్_కాలం:
తమ్ముడూ, అది మొదలైంది స్కూల్ బట్టల డబ్బుల కోసం. జోక్ కాదు.

1973 ఆగస్టు 11, న్యూయార్క్‌లోని బ్రాంక్స్, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, స్కూళ్ళు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలని కింద ఉన్న హాలు అద్దెకి తీసుకుని పార్టీ పెట్టింది. చిన్న చిన్న కార్డుల మీద చేత్తో రాసి పంచారు, ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50. రికార్డులు వేసింది వాళ్ళన్న క్లైవ్, అప్పటికి 18 ఏళ్ళు, డీజే కూల్ హెర్క్ అంటారు. జమైకా నుంచి వచ్చిన కుటుంబం, అక్కడ వీధుల్లో పెద్ద పెద్ద సౌండ్ బాక్సులు పెట్టడం అలవాటు, మన దగ్గర వినాయక చవితికి పేర్చినట్టే అనుకో. హెర్క్ గమనించింది ఏంటంటే, పాటలో పాడటం ఆగిపోయి ఒట్టి డ్రమ్సు మోగే కొద్ది సెకన్ల కోసమే డాన్సర్లు కాచుకుని ఉంటారు అని. దాంతో అదే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టి, ఈలోపు మొదటిది వెనక్కి తిప్పి, ఆ కాసేపటి ముక్కని నిమిషాల పాటు సాగదీసేవాడు. తర్వాత గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే కుర్రాడు దీన్ని ఇంకా కచ్చితంగా చేశాడు, ఆ ముక్క సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి రికార్డు మీదే క్రేయాన్‌తో గీత గీసుకునేవాడు. మాటలు చివర్లో వచ్చాయి. కోక్ లా రాక్ అని హెర్క్ ఫ్రెండు మైకులో వచ్చినోళ్ళ పేర్లు పిలవడం, నాలుగు ప్రాసలు వెయ్యడం, అంతే, అదే పెరిగి పెరిగి ర్యాప్ అయింది.

అట్లా అని వాళ్ళ బతుకులు బాగున్నాయని కాదు. ఊరి మధ్యలోంచి ఎక్స్‌ప్రెస్‌వే వేసి వేలమంది ఇళ్ళు కూల్చేశారు, మిగిలిన బిల్డింగుల ఓనర్లు కొందరు ఇన్సూరెన్స్ కోసం వాటికి వాళ్ళే నిప్పు పెట్టించారు. పోరాటానికి కావాల్సిన కారణాలన్నీ ఉన్నాయి, పిల్లలు మాత్రం డాన్సు చేశారు. నన్నడిగితే అది తక్కువ విషయమేం కాదు.

జెర్సీ_మావయ్య:
పైనాయన బాగా చెప్పారు. నేను ఉండేది న్యూజెర్సీలో, ఎంగిల్‌వుడ్ ఇక్కడే, ర్యాప్‌ని రికార్డుగా అమ్మడం మొదలైంది ఆ ఊళ్ళోనే కాబట్టి ఆ ముక్క నేను చెప్తా. సిల్వియా రాబిన్‌సన్ అని ఒకావిడ, అంతకుముందు తనే సింగరు, షుగర్ హిల్ రికార్డ్స్ అని కంపెనీ పెట్టి 1979లో ముగ్గురు కుర్రాళ్ళని పోగేసి ‘రాపర్స్ డిలైట్’ రికార్డు చేయించింది. ఆ ముగ్గురిలో ఒకడు, బిగ్ బ్యాంక్ హ్యాంక్, పిజ్జా షాపులో పని చేసేవాడు. వాడు పాడిన లైన్లు బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే అతను రాసుకున్నవి, ఎంత గుడ్డిగా దించాడంటే కాజ్ తన పేరు అక్షరం అక్షరం చెప్పుకున్న లైన్ కూడా అలాగే పాడేశాడు. కాజ్‌కి రికార్డు మీద పేరు కూడా పడలేదు. మొదటి పెద్ద హిట్టే ఇలా ఏడ్చింది.

ఇప్పుడు నాని గారి రూమ్మేట్‌కి అసలు దెబ్బ. పోరాట ర్యాప్ అనగానే అందరూ చెప్పేది 1982లో వచ్చిన ‘ది మెసేజ్’, పేదవాడల బతుకు గురించి. అది చాలావరకు రాసింది ఆ కంపెనీలో పనిచేసే ఎడ్ ఫ్లెచర్ అనే మ్యూజిషియన్. సిల్వియా పట్టుబట్టింది, ఫ్లాష్ గ్రూపు వాళ్ళకేమో ఇష్టం లేదు, పార్టీకొచ్చినోడికి ఇంటి కష్టాలు ఎవడు వింటాడు అని. చివరికి గ్రూపులో మెల్లీ మెల్ ఒక్కడు ఒప్పుకుని ఫ్లెచర్‌తో కలిసి పాడాడు, రికార్డు మీద పేరు ఫ్లాష్‌దే ఉంటుంది గానీ పాటలో ఆయన లేడు. అంటే కంపెనీ వచ్చి పోరాటం చెడగొట్టింది అంటాడు కదా మీవాడు, ఇక్కడ పోరాటం పాట పెట్టించిందే కంపెనీ ఓనరమ్మ, పార్టీ కావాలన్నది వీధి కుర్రాళ్ళు. ఆ పాట గొప్పదా అంటే చాలా గొప్పది, ఇప్పుడు విన్నా ఒళ్ళు జలదరిస్తుంది, అది వేరే సంగతి.

బస్తీ_పోరగాడు:
జెర్సీ మావయ్యా, మంచిగ చెప్పినవ్ గానీ గ్యాంగ్‌స్టర్ ముచ్చట దాటేసినవ్. అది న్యూయార్క్ కాదు, అటు లాస్ ఏంజిలిస్ పక్కన కాంప్టన్. ఎన్.డబ్ల్యూ.ఎ. అని గ్రూపు, 1988ల ఆల్బమ్ తీసిన్రు, అండ్ల పోలీసోళ్ళ మీద ఒక పాట ఉంటది. 1989ల ఎఫ్‌బీఐ ఆఫీసర్ ఒకాయన వాళ్ళ రికార్డ్ కంపెనీకి ఉత్తరం రాసిండు, ఇది మంచిగ లేదు అని. ఇంకేం గావాలె పబ్లిసిటీకి? పైసా ఖర్చు లేకుండ ప్రభుత్వమే చేసిపెట్టింది. అందరు బూతు బూతు అన్నరు, 1991 మార్చ్‌ల అదే లాస్ ఏంజిలిస్ పోలీసోళ్ళు రోడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కొడుతుంటె పక్క బాల్కనీ నుంచి ఎవలో వీడియో తీసిన్రు, లోకమంత చూసింది. మర్సటేడు ఆ పోలీసోళ్ళను వదిలేస్తె ఊరు తగలబడ్డది. ఇగ ఆ పాటల అబద్ధం ఏమున్నదో చెప్పున్రి.

ఇంకోటి, ఎవరు కొన్నరన్నది చూడాలె. 1991 దాక, అమెరికల పాటల ర్యాంకులు వేసే బిల్‌బోర్డ్ పత్రిక వాళ్ళు షాపులకు ఫోన్ చేసి ఏం బాగ పోతున్నయ్ అని అడిగేటోళ్ళు, కౌంటర్ల ఉన్నోడు నోటికొచ్చింది చెప్పేటోడు. ఆ ఏడాది మే నెలల బార్‌కోడ్ లెక్క వచ్చింది. జూన్ల ఎన్.డబ్ల్యూ.ఎ. కొత్త ఆల్బమ్ ఆ లిస్టుకెక్కిన రెండో వారానికే నంబర్ వన్. గంత మంది కొంటున్నరని అప్పటిదాక ఎవ్వరికి తెల్వదు, మాల్స్ ఉండే తెల్లోళ్ళ ఏరియాలల్ల పోరగాళ్ళు సుత ఎగబడి కొన్నరు. ఆ లెక్క చూసినంక కంపెనీలకు ఏం అమ్మాల్నో అర్థమయింది. గా ముచ్చట్ల మాత్రం మీ రూమ్మేట్ కరెక్టే.

గోదారి_పిల్ల:
అబద్ధం ఏముంది అని అడిగారు కదండీ బస్తీ గారు, పోలీసుల పాటలో లేకపోవచ్చు, అదే ఆల్బమ్‌లో ఆడవాళ్ళ గురించి ఉన్నదాని సంగతేంటి? అది కూడా నిజ జీవితమేనా? ఆ గ్రూపులో ఉన్న డాక్టర్ డ్రే 1991లో డీ బార్న్స్ అనే టీవీ హోస్ట్‌ని పార్టీలో కొట్టాడు, కేసైంది, 2015లో తను బాధపెట్టిన ఆడవాళ్ళందరికీ సారీ అని పేపర్‌కి చెప్పాడు, 24 ఏళ్ళు పట్టింది. పోలీసు కొడితే అన్యాయం, మనవాడు కొడితే మాత్రం ఇమేజా అని నాకు ఒళ్ళు మండుతుంది. మళ్ళీ ఆ బీట్లు వినకుండా ఉండలేను, అదో బాధ.

కానీ ఒకటి చూడండి, మొదటి పార్టీ పెట్టింది సిండీ, మొదటి హిట్టు తీసింది సిల్వియా, 1984లో రోక్సాన్ షాంటే 14 ఏళ్ళకే పెద్ద పెద్ద మగ రాపర్లకి రికార్డు మీద జవాబిచ్చింది, అయినా ర్యాప్ అంటే అందరి కళ్ళ ముందుకొచ్చేది గొలుసులేసుకున్న మగాడే. క్వీన్ లతీఫా 1993లో ‘యు.ఎన్.ఐ.టి.వై.’ అని పాట తీసింది, రోడ్డు మీద అమ్మాయిల్ని తిట్టేవాళ్ళనీ ఇంట్లో కొట్టేవాళ్ళనీ మొహం మీదే నిలదీస్తుంది, దానికి గ్రామీ కూడా వచ్చింది. తర్వాతి తరాల్లో మన తెలుగువాళ్ళమ్మాయి కూడా ఉంది, కాలిఫోర్నియాలో పుట్టిన శ్వేతా యల్లాప్రగడ రావు, రాజకుమారి పేరుతో పాడుతుంది, క్లాసికల్ డాన్సు నేర్చుకున్న పిల్ల.

క్యాసెట్_కాలం:
అమ్మాయి అడిగినదానికి నా దగ్గర సమాధానం లేదు. టుపాక్ అనే పెద్ద రాపర్‌నే తీసుకోండి, తల్లి అఫేనీ షకూర్ నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ మనిషి, ఆయన కడుపులో ఉండగా జైల్లో ఉండి, తన కేసు తనే వాదించుకుని 1971 మేలో బయటపడింది, జూన్‌లో ఆయన పుట్టాడు. 1991లో చిన్న వయసులో తల్లయిన పిల్ల గురించి ఏడిపించే పాట రాసినవాడే, 1996లో ఎదుటి రాపర్ పెళ్ళాం గురించి నోటికొచ్చింది వాగాడు. ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే కాల్చేశారు, 25 ఏళ్ళు. ఏది కంపెనీ టుపాక్, ఏది అసలు టుపాక్ అని విడదీయడం నా వల్ల కాలేదు. బూతు అని నిషేధించినా లాభం లేదులెండి, 1990లో ఫ్లోరిడాలో 2 లైవ్ క్రూ అనే ర్యాప్ గ్రూపు ఆల్బమ్‌ని ఫెడరల్ జడ్జి అశ్లీలం అన్నాడు, అమ్మిన షాపాయన్ని అరెస్ట్ చేశారు, 1992లో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది, ఈలోపు ఆల్బమ్ పేరు తెలియనివాడు లేడు.

నిద్రలేని_నాని:
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ‘ది మెసేజ్’ సంగతి చెప్తే మావాడు ఒప్పుకోట్లా, ఫ్లాష్ ఇంటర్వ్యూలు వెతుకుతూ కూర్చున్నాడు. ఇంతకీ ఆ ఎనిమిదో క్లాసు పిల్లకి ఏం వినమని చెప్పాలి?

గోదారి_పిల్ల:
ముందు ‘రాపర్స్ డిలైట్’ పెట్టండి, దొంగ లైన్లైనా సరదాగా ఉంటాయి. లతీఫా పాటలో తిట్టు మాటలు చాలాసార్లు వస్తాయి, ఎందుకు వాడిందో వాళ్ళమ్మ పక్కన కూర్చుని చెప్తే సరిపోతుంది, ఫోన్ మాత్రం తిరిగి ఇచ్చేయమనండి పాపం.