స్టేడియం కట్టారు సరే, జట్టును ఎప్పుడు కడతారు?

తూర్పు గ్యాలరీ:
ఫుట్‌బాల్ క్లబ్బుల ఓనర్లు స్టేడియం మీద పెట్టే శ్రద్ధ జట్టు మీద పెట్టరన్నదే నా బాధ. లండన్ క్లబ్ టాటెన్‌హామ్ సంగతే తీసుకోండి. 2001 నుంచి ఎనిక్ అనే పెట్టుబడి సంస్థ చేతిలో ఉంది. 2008లో లీగ్ కప్ గెలిచాక మళ్లీ 2025లో యూరోపా లీగ్ దాకా ఒక్క ట్రోఫీ లేదు. మధ్యలో దాదాపు వంద కోట్ల పౌండ్లతో స్టేడియం లేచింది. 2018 వేసవిలో ఒక్క ఆటగాణ్ణీ కొనలేదు, తర్వాతి జనవరిలోనూ అంతే. అయినా ఆ జట్టే 2019లో యూరప్ అగ్ర క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది! ఇంకో ఇద్దరు మంచి ఆటగాళ్లు తోడై ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ మనసు పీకుతుంది. క్లబ్ చరిత్రలోనే అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన హ్యారీ కేన్, ఒక్క కప్పూ ఎత్తకుండానే 2023లో జర్మనీ క్లబ్ బయర్న్‌కు వెళ్లిపోయాడు. దీర్ఘకాలిక ప్రణాళిక అంటారు. ఒక గొప్ప ఆటగాడి కెరీర్ మొత్తం దానికింద కరిగిపోతే అది ఎవరి కోసం?

జమాఖర్చు:
మీ బాధ అర్థమైంది. కానీ మరో ఇంగ్లిష్ క్లబ్ లీడ్స్‌ను మరిచిపోకండి. ఏటా ఛాంపియన్స్ లీగ్ ఆడతామన్న నమ్మకంతో, రాబోయే టికెట్ల డబ్బును తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. 2001లో సెమీఫైనల్ చేరారు. 2004కల్లా ఇంగ్లండ్ టాప్ లీగైన ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారి, సొంత స్టేడియం కూడా అమ్ముకున్నారు. 2007లో మూడో అంచెకు పడ్డారు. తిరిగి పైకి రావడానికి 2020 దాకా పట్టింది. పోర్ట్స్‌మత్ కథా అంతే. 2008లో ఎఫ్ఏ కప్, 2010లో అడ్మినిస్ట్రేషన్ (అప్పులు తీర్చలేక బయటి నిర్వాహకుల చేతికి వెళ్లడం), 2013కల్లా నాలుగో అంచె. చివరికి అభిమానులే షేర్లు కొని క్లబ్బును నిలబెట్టుకోవాల్సి వచ్చింది.

తూర్పు గ్యాలరీ:
అప్పు చేసి కొనమని నేననలేదండీ. లివర్‌పూల్‌ను చూడండి. 2018 జనవరిలో స్టార్ ఆటగాడు కౌటిన్యోను బార్సిలోనాకు అమ్మారు. అభిమానులు మండిపడ్డారు కూడా. కానీ డిఫెండర్ వాన్ డైక్, గోల్‌కీపర్ అలిసన్ అదే ఏడాది వచ్చారు. 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో ముప్పై ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్. అమ్మిన డబ్బు మైదానంలోకి వచ్చిందని కళ్లారా కనిపిస్తే ఏ అభిమానీ ఓర్పు పట్టనని అనడు.

ఉత్తర లండన్:
ఆర్సెనల్ అభిమానిగా ఒక మాట. 2006లో కొత్త స్టేడియానికి మారాం. 2005 తర్వాత మళ్లీ ట్రోఫీ దక్కింది 2014లో. ఆ కాలంలో ఫాబ్రెగాస్, నస్రీ వెళ్లిపోయారు. 2012లో వాన్ పెర్సీని మాంచెస్టర్ యునైటెడ్‌కే అమ్మారు. వాళ్లకు టైటిల్ ఖాయమైన మ్యాచ్‌లో మూడు గోల్సూ ఆయనవే. స్టేడియం కట్టడం తప్పని ఇప్పటికీ అనను. కానీ "ఇన్నేళ్లు చేతులు కట్టేసి ఉంటాయి" అని మొదటే తేల్చి చెప్పి ఉంటే మేం కోచ్ వెంగర్ మీద అంతగా విరుచుకుపడేవాళ్లం కాదు. ఓనర్ల లెక్కలకు కోచ్ సమాధానం చెప్పుకోవాల్సి రావడం అన్యాయం.

జమాఖర్చు:
ఒప్పుకుంటాను. అయితే నిబంధనలు కూడా ఉన్నాయిగా. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదన్న అప్పటి పరిమితి దాటినందుకే 2023లో ఎవర్టన్‌కు పది పాయింట్ల కోత పడింది. అప్పీల్‌లో ఆరుకు తగ్గించారు. ఓనర్ ఎంత కోటీశ్వరుడైనా జేబులోంచి తీసి ఇష్టం వచ్చినట్టు కుమ్మరించడానికి లేదు. కాబట్టి క్లబ్ సొంత ఆదాయం పెరగాల్సిందే, స్టేడియం అందుకే.

తూర్పు గ్యాలరీ:
అక్కడే నా వాదన మొదలవుతుంది. టాటెన్‌హామ్ ఆదాయం పెరిగింది. కచేరీలు, అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు కూడా అక్కడ జరుగుతున్నాయి. అయినా ఆదాయంలో సగం కూడా జీతాలకు వెళ్లని ఏళ్లున్నాయి. మంచి ఆటగాడు జీతం చూసే వస్తాడు, స్టేడియం అందం చూసి కాదు. పెరిగిన ప్రతి పౌండ్‌లో జట్టుకు ఎంత, అప్పుకు ఎంత, మిగతాది ఎక్కడికి? సీజన్ టికెట్ డబ్బు తీసుకునే ముందే ఓనర్లు ఈ మూడూ కాగితం మీద పెట్టాలి. క్లబ్ ఛైర్మన్ డేనియల్ లెవీ 2025 సెప్టెంబరులో దిగిపోయారు. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లను నేను అడిగేది ఇదొక్కటే.